పాత పేరుకి అర్థం వెతకడం ఎలా? 'కృష్ణ'తో చేసి చూద్దాం

పిల్లల పేర్ల సైట్లలో ఏ పేరు కొట్టినా 'దివ్యమైనవాడు', 'తేజోవంతుడు' అనే వస్తుంది, వాటిని పక్కన పెట్టేయండి. వేదాల్లో, పురాణాల్లో ఉన్న పేరుకి ఒక్క అర్థంతో సరిపోదు. ఎవరు, ఎవరి గురించి, ఏ సందర్భంలో అన్నారో కూడా చూడాలి.

ముందు మామూలు మాటగా నిఘంటువులో చూడండి. కృష్ణ అంటే నలుపు, అంతే. కృష్ణపక్షం, కృష్ణసర్పం, కృష్ణాజినం (నల్లజింక చర్మం) అన్నీ అందులోంచి వచ్చినవే. ఋగ్వేదం 6వ మండలం 9వ సూక్తం 'అహశ్చ కృష్ణమహరర్జునం చ' అని మొదలవుతుంది. కృష్ణ అంటే నలుపు, అర్జున అంటే తెలుపు: నల్లని పగలు, తెల్లని పగలు, అంటే రాత్రీ పగలూ. (ఇది చూపించి భారతమంతా వేదంలోనే ఉందని ఎవరైనా పోస్టు పెడితే నమ్మకండి, అక్కడున్నవి రెండు రంగులే.)

తర్వాత ఆ పేరు ఇంకెవరికి ఉందో వెతకండి, అసలు మజా ఇక్కడే. ద్రౌపది పేరు కృష్ణ, మేని రంగును బట్టే. వ్యాసుడు కృష్ణద్వైపాయనుడు, అంటే ద్వీపంలో పుట్టిన నల్లనివాడు. ఇక ఉరుములప్పుడు మనం చదువుకునే 'అర్జునః ఫల్గుణః' శ్లోకం చివరిదాకా చదవండి, 'బీభత్సుర్విజయః కృష్ణః' అని వస్తుంది! అది కూడా అర్జునుడి పేరే. విరాటపర్వంలో ఉత్తరుడు అడిగితే తన పది పేర్లకీ తానే అర్థాలు చెబుతాడు, చిన్నప్పుడు నల్లగా మెరుస్తున్నానని మా నాన్న ముద్దుగా కృష్ణుడని పిలిచాడు, మచ్చలేని పనులు చేస్తాను కాబట్టి అర్జునుణ్ణి అంటాడు. తెలుపు అనే మాట ఒంటి రంగు దాటి నడవడికకి వచ్చేసిందన్నమాట.

ఆఖరున భక్తులు, వ్యాఖ్యాతలు చెప్పిన అర్థాలు చూడండి. ఉద్యోగపర్వంలో సంజయుడు కృష్ణ శబ్దాన్ని 'కృషి', 'ణ' అని విడగొట్టి, రెండోది ఆనందాన్ని చెబుతుందంటాడు. ఇలా మాటను విడగొట్టి అర్థం చెప్పడాన్ని నిర్వచనం అంటారు. భాషాశాస్త్రంతో తూచి తప్పు అనకండి, అలాగని నిఘంటువు అర్థంతో కలిపేయకండి, రెండూ విడివిడిగా రాసుకోండి.

మీ పేరు విష్ణుసహస్రనామంలో ఉంటే ఎన్నిసార్లు వచ్చిందో తప్పకుండా చూడండి. ఒకే పేరు మళ్ళీ వస్తే వ్యాఖ్యాత కొత్త అర్థం వెతుక్కోవాల్సిందే. కృష్ణ 57వ నామం, 550వ నామం కూడా. శంకరుల భాష్యంలో మొదటిచోట సంజయుడి శ్లోకమే ఆధారం, రెండోచోట ఆ కృష్ణుడు వ్యాసుడు.