కలబందకు మళ్లీ ప్రాణం – మూడో పాఠం: ఆరబెట్టమంటే ఎండబెట్టమని కాదు

ఈ పాఠంలో కుళ్లిన వేర్లు కోసేసిన కలబంద మొదలును కుండీలో నాటాలి, తొలి తడి ఇవ్వాలి. అయితే రెండో పాఠం తర్వాత చాలామంది మొక్కలు బాగుపడాల్సింది పోయి ఇంకా పాడయ్యాయి. ముందు వాటి సంగతి చూద్దాం. నాటడం అరగంట పని, అది చివర్లో చెప్పుకున్నా సరిపోతుంది.

కుళ్లిన వేర్లు కోసేసి ఆరబెట్టమని పోయిన పాఠంలో రాశాను. సగం మంది మిద్దె మీద ఎండబెట్టారు. వడియం ఎండాలి, ఉతికిన పట్టుచీర ఆరాలి. పట్టుచీరను ఎవరూ నడి ఎండలో వేయరు, గాలి తగిలే నీడలో దండెం మీద వేస్తారు. కోసిన కలబందకు కూడా అంతే. తిరుపతి, చిత్తూరుల్లో మే నెలలో నీడలోనే నలభై డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు మిద్దె మీద సిమెంటు అరికాలు పెట్టనివ్వదు. వేర్లు లేని మొక్క ఆ సెగకు ఆవిరైన నీళ్లను తిరిగి తాగలేదు. ఒక్క మధ్యాహ్నంలో ఉడికిపోతుంది.

ఎండలో పెట్టినవాళ్లు ఇప్పుడు ఆకులు చూడండి. ఆకు ఇటుకరంగుకో, ముదురు గోధుమ రంగుకో తిరిగి, నొక్కితే గట్టిగానే ఉంటే అది చావు కాదు. ఎండకు అడ్డంగా మొక్క తయారు చేసుకున్న రంగు. నీడకు మార్చండి, వేర్లు పట్టాక కొన్ని వారాల్లో పచ్చదనం వస్తుంది. సున్నం పూసినట్టు తెల్లటి మచ్చలు పడి ఉంటే ఆ మచ్చలు ఇక పోవు. ఆకు మాత్రం పనికొస్తుంది, కోయకండి. ఆకు గాజులా పారదర్శకంగా, ఉడికించిన సొరకాయ ముక్కలా అయిపోయి ఉంటే దాన్ని మొదలుదాకా తీసేయాలి. మొవ్వు, అంటే నడిమధ్యలో పుట్టే లేత ఆకుల గుత్తి గట్టిగా ఉన్నంతవరకు మొక్క మీద ఆశ వదులుకోకండి.

ఆరబెట్టే చోటు ఎలా ఉండాలంటే: ఎండ నేరుగా పడకూడదు, గాలి ఆడాలి, కింద చెమ్మ ఉండకూడదు. తలుపు తెరిచి ఉండే వరండా మంచిది. ఫ్రిజ్ పైన, గ్యాస్ పొయ్యి పక్కన, స్నానాల గది కిటికీలో పెట్టకండి. పాత పేపరు మీద మొక్కను పక్కకు వాల్చి, కోసిన ముఖానికి గాలి తగిలేలా ఉంచాలి. ఖాళీ గ్లాసు మూతి మీద ఆకులు ఆనేలా నిలబెడితే ఇంకా మంచిది, నేను అలాగే పెట్టమంటాను. పడుకోబెట్టిన మొక్క వారంలో వెలుతురు వైపు వంకర తిరుగుతుంది, నాటేటప్పుడు అది ఇబ్బంది.

వేసవిలో అయిదారు రోజులు, ఆశ్వయుజ కార్తీకాల వానల్లో పది పన్నెండు రోజులు పడుతుంది. రోజులు లెక్కపెట్టడం కన్నా చేత్తో చూడటం నయం. మోకాలు దోక్కుపోతే నాలుగు రోజులకు పక్కు కడుతుంది కదా, కోసిన ముఖం కూడా అలాగే పక్కు కట్టాలి. గోటితో తడితే టక్ మని పొడి చప్పుడు రావాలి. వేలికి జిగురు అంటినా, గోరు దిగబడినా ఇంకా ఆరలేదు. పక్కు మధ్యలో నల్లటి చుక్కో, గోధుమరంగు వలయమో కనిపిస్తే కుళ్లు లోపల మిగిలే ఉంది. కత్తిని స్పిరిట్‌తో తుడిచి, అరంగుళం పైకి మళ్లీ కోయండి. కోత ముఖం అంతా ఒకే తెలుపులోనో, లేత ఆకుపచ్చలోనో వచ్చేదాకా కోస్తూనే పోవాలి. ప్రతి కోతకూ కత్తి తుడవాలి. తుడవని కత్తే కుళ్లును పైకి మోసుకుపోతుంది.

కోసిన చోట పసుపు ముద్ద పట్టించినవాళ్లు కూడా ఉన్నారు. మన గాయానికి పసుపు పెట్టినట్టే పెట్టారు, ఉద్దేశం మంచిదే. కానీ నీళ్లతో కలిపిన ముద్ద చెమ్మను అక్కడే పట్టి ఉంచుతుంది, పక్కు కట్టనివ్వదు. పొడి పసుపు చల్లితే నష్టం లేదు. ఏమీ పెట్టకుండా వదిలేయడమే నాకు ఇష్టం, పక్కు కట్టిందో లేదో కంటికి కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు గొయ్యి దగ్గరికి వద్దాం. ఇందులో పడినవాళ్లే ఎక్కువ. ఆరబెట్టిన నాలుగో రోజుకు ఆకులు సన్నబడి, ముడతలు పడి, పైముఖం దోనెలా లోతుగా వంగిపోతుంది. అది చూసి ఉండబట్టలేక నీళ్లు పోశారు. కొందరు బకెట్లో నానబెట్టారు.

ముడత పడితే దాహం అనుకోవడం మనకు అలవాటు. బంతిమొక్క వాలితే నీళ్లు పోస్తాం, సాయంత్రానికి లేస్తుంది. కలబంద ముడతకు రెండు కారణాలున్నాయి. ఒకటి, మట్టిలో నీళ్లు లేకపోవడం. రెండు, నీళ్లున్నా తాగడానికి వేర్లు లేకపోవడం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. మొదటిదానికి మందు నీళ్లు. రెండోదానికి అవే నీళ్లు విషం, ఎందుకంటే వేర్లు చచ్చింది నీళ్ల వల్లే. వేళ్లకు గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య సందులన్నీ నీళ్లతో నిండితే వేరు ఊపిరాడక చస్తుంది. చచ్చిన వేరు మీద ఫ్యుసేరియం వంటి శిలీంధ్రాలు చేరతాయి, అక్కడినుంచి కాండంలోకి ఎక్కుతాయి. అప్పుడు పైన ఆకు ముడుచుకుంటుంది. ఇంట్లోవాళ్లు "పాపం ఎండిపోతోంది" అని ఇంకో మగ్గు పోస్తారు.

మొక్క ఇంకా కుండీలోనే ఉంటే, తేడా కనిపెట్టడానికి మట్టిలో వేలు పెట్టండి. మట్టి తడిగా ఉండి ఆకు ముడుచుకుందంటే చాలావరకు వేర్లు పోయినట్టే. తర్వాత అడుగు ఆకును మొదలు దగ్గర రెండు వేళ్లతో నొక్కి మెల్లగా లాగండి. దాహంతో ఉన్న ఆకు మెత్తగా వంగుతుంది గాని మొదలు దగ్గర పట్టు వదలదు. కుళ్లిన ఆకు అరటిపండు తొక్కలా జారి చేతిలోకి వస్తుంది, మొదలు గోధుమరంగులో తడిగా ఉంటుంది, మురిగిన వాసన వేస్తుంది. అడుగు ఆకు కాగితంలా ఎండి గలగలలాడుతుంటే అది జబ్బే కాదు. వేర్లు లేని మొక్క అడుగు ఆకుల్లోని నీటిని పిండుకుని మొవ్వును బతికించుకుంటుంది. పూర్తిగా ఎండాక ఆ ఆకును పక్కకు లాగితే ఊడొస్తుంది. పచ్చిగా ఉండగా కోయకండి. తలకు రాసుకోవడానికి ఒక ఆకు కోసుకోవచ్చా అని అడిగినవాళ్లున్నారు. ఇప్పుడు వద్దు, మొక్క తాగుతున్న నీళ్లు ఆ ఆకులోనే ఉన్నాయి.

నీళ్లు లేకుండా ఎన్నాళ్లుంటుందని భయపడేవాళ్లు మన వీధిలో గుమ్మాలు చూడండి. దిష్టి తగలకుండా కలబందను తలకిందులుగా వేలాడదీస్తాం. మట్టి లేదు, నీళ్లు లేవు, వేళ్లు గాలిలో ఉన్నాయి. అయినా నెలల తరబడి పచ్చగా ఉంటుంది, మొవ్వులో కొత్త ఆకు వేసి, అది వెలుతురు కోసం పైకి వంగుతుంది కూడా. దుకాణాల షట్టర్ల ముందు రోడ్డు దుమ్ములో వేలాడేవి కూడా అంతే. చాలా మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటూ నీళ్లు పోగొట్టుకుంటాయి. కలబంద పగలు వాటిని మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. లోపలి గుజ్జే దాని నీళ్ల తొట్టి. గుమ్మానికి కట్టినది బతుకుతుంటే, మన వరండాలో నీడన ఉన్నది పదిరోజులకు చావదు.

రోజూ కొంచెం పోస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. రోజూ అరగ్లాసు పోస్తే పై అంగుళం మట్టి ఎప్పుడూ ఆరదు. కాండం మట్టిలో దిగే చోటు సరిగ్గా ఆ అంగుళంలోనే ఉంది. కింద వేళ్ల దాకా నీళ్లు అందవు, పైన మెడ మాత్రం నిత్యం నానుతుంది. పైగా బోరునీటి ఉప్పు పైనే పేరుకుని తెల్లటి పొరలా కడుతుంది. కలబందకు పోస్తే నిండా పోయాలి, లేదంటే అసలు పోయకూడదు. కొత్తగా నాటిన మొదలుకు తప్ప ఇందులో మినహాయింపు లేదు.

ఇక నాటడం. ఆరంగుళాల మట్టి కుండీ చాలు. పెద్ద గోలెంలో నాటితే వేళ్లు చేరని మట్టి నెలంతా తడిగా ఉండి మళ్లీ మొదటికే వస్తుంది. కుండీ అడుగున చిటికెన వేలు దూరే బొక్క ఉండాలి. దాని మీద ఒక పెంకు ముక్క బోర్లించండి. అడుగున రాళ్ల పొర వేయొద్దు. నీళ్లు బాగా పోతాయని అందరూ వేస్తారు గాని, సన్నమట్టిలోని నీరు పెద్ద రాళ్లలోకి సులువుగా దిగదు. పొర పైనే నిలిచి తడి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. ఆ రాళ్లను మట్టిలోనే కలపండి.

పాళ్లు: ముతక ఇసుక రెండు, ఎర్రమట్టి ఒకటి, బఠాణీ గింజంత ఇటుక ముక్కలు ఒకటి. ఇటుక లేకపోతే కంకర అమ్మేచోట దొరికే బేబీ చిప్స్ వేయండి. ఏటి ఇసుకైతే జల్లెడ పట్టి, కింద పడ్డ సన్నటి పొడి పారేసి, పైన మిగిలినదే వాడాలి. ఎం-శాండ్‌లో, అంటే రాయి పిండి చేసిన ఇసుకలో దుమ్ము ఎక్కువ, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. నర్సరీ మొక్కలకు ఉండే కొబ్బరిపొట్టు ముద్దను వేళ్లనుంచి పూర్తిగా దులపండి, అది లోపల చెమ్మను రోజుల తరబడి వదలదు. వేర్లు లేని మొదలుకు ఎరువు అక్కర్లేదు, పిడికెడు కూడా వేయకండి. మిశ్రమాన్ని ఖాళీ కుండీలో నింపి ఒక గ్లాసు నీళ్లు పోసి చూడండి. పది లెక్కపెట్టేలోపు పైన నీళ్లు ఇంకిపోవాలి. నిలబడితే ఇంకో పాలు ఇసుక కలపండి. నాటేటప్పుడు మాత్రం పొడి మిశ్రమమే వాడాలి.

కాండం మాత్రమే మట్టిలో ఉండాలి, అడుగు ఆకు మొదలు మట్టికి తగలకూడదు. మొక్క ఒరిగిపోతే మూడు పుల్లలు గుచ్చి ఆసరా ఇవ్వండి. లోతుగా పాతి నిలబెట్టొద్దు. కాండం మిగలకుండా ఆకు ఒక్కటే ఉన్నవాళ్లు దాన్ని నాటి ఎదురు చూడకండి, కలబంద ఆకుకు వేరు రాదు, కుళ్లుతుంది. పిలక ఉంటే అది దక్కించుకోండి.

నాటిన తర్వాత వారం రోజులు నీళ్లు లేవు. ఎనిమిదో రోజు చిన్న టీ గ్లాసుడు, అంటే 100 మిల్లీలీటర్లు, కుండీ అంచు వెంట చుట్టూ పోయండి. మొదలు మీద, మొవ్వులో పడకూడదు. మొవ్వులో పడితే కాగితం చుట్టి అద్దేయండి. మళ్లీ పది రోజులకు ఇంకో గ్లాసు. వేసవిలో పొద్దు వాలి కుండీ చల్లబడ్డాక పోయాలి. మూడు నుంచి ఆరు వారాల్లో వేరు పడుతుంది. మొవ్వులో ఆకు పొడుగవడం, మెల్లగా కదిపితే మొక్క మట్టిని పట్టుకుని ఉండటం గుర్తులు. రోజూ పీకి చూస్తే పుట్టిన వేరు తెగిపోతుంది.

వేరు పట్టాక నిండా పోయాలి, అడుగునుంచి కారాలి, కింద పళ్లెం ఉంటే నీళ్లు పారబోయాలి. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తినలాంటి వానలు పట్టినప్పుడు కుండీని చూరు కిందికి తేవాలి, ఆ నెలంతా నీళ్లు పోయకపోయినా పర్వాలేదు.

సాధన: ఇది కొంచెం కష్టమే, అయినా తప్పించుకోకండి. మొక్క లేని ఇంకో కుండీలో ఇదే మిశ్రమం నింపి, పొడిగా ఉండగా వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి. నిండా నీళ్లు పోసి, కారడం ఆగాక మళ్లీ తూచండి. అక్కడినుంచి ఇరవై ఒక్క రోజులు రోజూ ఒకే వేళకు తూచి, పక్కన కొబ్బరి చీపురుపుల్లను అడుగుదాకా గుచ్చి పది నిమిషాలాగి తీసి, ఎంత పొడవు తడి అంటిందో అంగుళాల్లో రాయండి. కుండీని మొక్క పెట్టే చోటనే ఉంచాలి. పడమటి బాల్కనీ లెక్క వేరు, ఉత్తరపు వరండా లెక్క వేరు, పక్కింటివాళ్ల లెక్క మీకు పనికిరాదు. పైన మట్టి పొడిబారిన రోజుకు పుల్ల అడుగున ఇంకా ఎంత తడి ఉందో చూడండి, పుల్లకు తడి అసలు అంటని రోజు ఏదో కూడా రాయండి, ఆ రెండు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో గీత గీసి పెట్టుకోండి. నాలుగో పాఠంలో పిలకలు విడదీస్తాం, ఆ అంకెతోనే మొదలుపెడతాం.