ఉబుంటులో డి డ్రైవ్ సేవ్ కాకపోతే

పర్లాకిమిడిలో మా జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో విండోస్, ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) రెండూ ఉన్నాయి. విండోస్‌లో కొట్టి డి డ్రైవ్‌లో పెట్టిన ఒడియా పెళ్లికార్డు ఉబుంటులో తెరుచుకునేది కానీ సేవ్ అయ్యేది కాదు, ‘రీడ్ ఓన్లీ’ అనేది. డిస్క్ పోయిందేమోనని ఒకటే టెన్షన్. తీరా చూస్తే ఫాస్ట్ స్టార్టప్ (విండోస్ త్వరగా ఆన్ అవడానికి ఉండే సెట్టింగ్) వల్ల విండోస్ పూర్తిగా ఆగట్లేదు, సగం నిద్రలో ఉంటోంది. అందుకే ఉబుంటు ఆ డ్రైవ్‌లో సేవ్ చేయనివ్వట్లేదు.

విండోస్‌లో షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొడితే ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. రోజూ ఎవరికి గుర్తుంటుంది! అందుకని కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’లోకి వెళ్లి, పైన ‘చేంజ్ సెట్టింగ్స్’ లింకు నొక్కి, కింద ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ టిక్ తీసి సేవ్ చేయండి. తర్వాత ఒకసారి షట్‌డౌన్ చేయాలి.

విండోస్‌ను హైబర్నేట్‌లో (తెరిచిన పని అలాగే దాచి ఆపడం) పెట్టి వస్తే మాత్రం మళ్లీ అదే గోల. వెనక్కి విండోస్‌లోకి వెళ్లి మామూలుగా ఆపి రావాల్సిందే.