పాత కారు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో ఎలా కనిపెట్టాలి?

వారం రోజులు షెడ్డులో నిలిపిన కారును బయటికి తీసినప్పుడు కింద షాబాదు బండ మీద అరచేయంత ఎర్రటి మరక కనిపిస్తే, గేర్‌బాక్స్ పోయిందని బెంబేలెత్తనవసరం లేదు. అలాగని తుడిచేసి ఊరుకోనూ కూడదు. మా ఇంట్లో 1980ల నాటి మెర్సిడెస్ డబ్ల్యూ 123 ఉంది. కొన్నేళ్ల కిందట దాని కింద ఇలాంటి మరకే పడితే, నల్లగొండలోని ఒక గ్యారేజీలో కిందికి వంగి చూసీ చూడగానే "ఫ్రంట్ సీల్ పోయింది సార్, డబ్బా దించాలె" అన్నారు. మూడు రోజులు శ్రమపడి గేర్‌బాక్స్ దించారు, సీల్ (నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు చుట్టు) మార్చారు, మళ్లీ ఎక్కించారు. నాలుగో రోజు మరక అదే చోట పడింది. కారుతున్నది కిక్‌డౌన్ సోలెనాయిడ్ (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు గేరు తగ్గించే కరెంటు మీట) దగ్గరి ఓ-రింగ్ అని ఆ తరువాత తేలింది. చిటికెన వేలి ఉంగరమంత రబ్బరు ముక్క అది. గట్టిపడి, గోటితో నొక్కితే పెళుక్కున విరిగింది. అందుకే మూలం కళ్లతో చూసేదాకా పానా పట్టకూడదన్నది నా నియమం.

ముందుగా ఆ నూనె ఏదో తేల్చుకోవాలి. శుభ్రమైన పెద్ద అట్టముక్కను రాత్రి కారు కింద పరచి, ముందు చక్రాలు ఎక్కడ ఉన్నాయో దాని మీద గీత గీసి పెట్టుకుంటే, చుక్క పడిన చోటు కారులో ఏ భాగం కిందికి వస్తుందో పొద్దున తెలిసిపోతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె సాధారణంగా ఎర్రగా, పలచగా ఉంటుంది. పాతబడితే ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉంటుంది, రేడియేటర్ కూలెంట్ వేళ్ల మధ్య నీళ్లలా జారుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. పాత కార్లలో చాలావాటిలో పవర్ స్టీరింగ్‌కు కూడా ఇదే ఎర్ర నూనె పోస్తారు. కాబట్టి చుక్క ఇంజిన్ ముందు భాగం కింద పడితే, గేర్‌బాక్స్‌ను అనుమానించే ముందు స్టీరింగ్ పంపు డబ్బాలో మట్టం తగ్గిందేమో చూడాలి.

రెండో పని గేర్‌బాక్స్‌లో నూనె మట్టం చూడటం. ఇది చల్లటి బండిలో చూసేది కాదు. నల్లగొండ వారు నార్కట్‌పల్లి దాకా, మహబూబ్‌నగర్ వారు జడ్చర్ల దాకా ఒకసారి వెళ్లి వస్తే నూనె తగినంత వేడెక్కుతుంది. ఆ తరువాత కారును సమతలంగా నిలిపి, బ్రేకు తొక్కి, లివరును ప్రతి స్థానంలోనూ ఒక్కొక్క క్షణం ఆపుతూ తిప్పి, పార్కు (P) స్థానంలో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ (మట్టం చూసే కడ్డీ) తీయాలి. క్రిస్లర్ టార్క్‌ఫ్లైట్ వంటి కొన్ని గేర్‌బాక్సుల్లో మాత్రం పార్కులో కాదు, న్యూట్రల్‌లో చూడాలి. డిప్‌స్టిక్‌ను బనియన్ వేస్టుతో తుడవకండి. దాని నూలుపోగు ఒక్కటి లోపలికి పోయినా వాల్వ్ బాడీలోని (గేర్లు మార్చేందుకు నూనెను మళ్లించే భాగం) సన్నటి దారుల్లో ఇరుక్కుంటుంది. పోగులు రాలని బట్టే వాడాలి.

మట్టం ఎక్కువ ఉండటం కూడా లీకేజీకి కారణమే. ఆరు లీటర్ల నూనె 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు పావు లీటరు వ్యాకోచిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు చూసి పై గీత దాకా నింపిన బండిని మన ఎండాకాలంలో దూరం తోలితే, పొంగిన నూనె పైనున్న గాలి గొట్టం నుంచి చిమ్మి డబ్బా అంతా తడుపుతుంది, ఏ సీలూ చెడకుండానే. డిప్‌స్టిక్ మీద నూనె పాలు కలిపిన గులాబీ షర్బత్‌లా కనిపిస్తే బండిని ఇక కదపకండి. రేడియేటర్‌లోని ఆయిల్ కూలర్ లోపల చిల్లుపడి నీళ్లు, నూనె కలిశాయని దాని అర్థం.

మూడో పని కడగటం. ఇక్కడే చాలామంది తొందరపడతారు. మిర్యాలగూడ మిల్లుల మధ్య తిరిగే బండికైతే తవుడు దుమ్ము, పల్లె దారుల్లో తిరిగే దానికైతే ఎర్రమన్ను, కారిన నూనెతో కలిసి వేలు మందాన పేరుకుంటుంది. అది ఉన్నంతవరకు ఏది పాత తడి, ఏది కొత్త తడి అన్నది ఎవరూ చెప్పలేరు. సర్వీసింగ్ సెంటర్‌లో ర్యాంపు ఎక్కించి, చల్లారిన తరువాత డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం) పూసి, బ్రష్షుతో రుద్ది, నీళ్లతో కడిగించాలి. ప్రెషర్ నీళ్ల ధార మాత్రం గాలి గొట్టం మీద, వైర్ల ప్లగ్గుల మీద నేరుగా కొట్టనీయకూడదు. తరువాత కంప్రెసర్ గాలితో ఆరబెట్టి, అనుమానం ఉన్న చోట్ల ముఖానికి రాసుకునే టాల్కం పౌడర్ పలచగా చల్లండి. నూనె ఎక్కడ చెమ్మగిల్లినా ఆ తెల్లదనం మీద గీతలా కనిపిస్తుంది.

ఇక పరిశీలన. ఇంట్లోనే చేసేటట్లయితే జాకీ మీద లేపిన బండి కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరకూడదు; స్టాండ్ల మీద దించి, చక్రాలకు అడ్డు పెట్టాలి. షాబాదు బండ మీద జాకీని నేరుగా పెడితే బండ పగిలి జాకీ ఒరుగుతుంది, కింద మందపాటి చెక్క వేయండి. ఇంజిన్ నడుస్తుంటే ఫ్యాన్‌కూ, వేడి గొట్టాలకూ దూరంగా ఉండాలి.

కింద చుక్క వేలాడే చోటే లీకేజీ చోటు కానక్కరలేదు. బండి పోయేటప్పుడు గాలి నూనెను వెనక్కి తోస్తుంది, బరువు కిందికి లాగుతుంది. అందువల్ల తడిసిన భాగాల్లో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న తడిని వెతకాలి. ఎప్పుడు కారుతోందన్నది కూడా ఎక్కడన్నంత ముఖ్యం. ఇంజిన్ నడిచినప్పుడే కారితే రేడియేటర్‌కు వెళ్లే కూలర్ గొట్టాలను, వాటి రబ్బరు ముక్కలను, ముందరి సీల్‌ను చూడాలి. బండి పరుగులో ఉన్నప్పుడే తడిస్తే గేర్‌బాక్స్ వెనక చివర ఉండే ఔట్‌పుట్ సీల్‌ను, స్పీడోమీటర్ కేబుల్ మొదలును చూడాలి. ఔట్‌పుట్ సీల్ వెనకనున్న బుష్ (షాఫ్ట్ తిరిగే లోహపు చుట్టు) అరిగిపోయిందేమో చూడకుండా సీల్ ఒక్కటే మారిస్తే కొన్ని నెలల్లో మళ్లీ అదే పని పడుతుంది.

నిలిపి ఉంచినప్పుడే కారి, రోజూ తోలితే ఆగిపోయే లీకేజీ పాత కార్లకు మామూలే. పండుగకో పెళ్లికో తీసే బండిలో టార్క్ కన్వర్టర్‌లోని (ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) నూనె రోజులు గడిచే కొద్దీ మెల్లగా కింది ఛాంబర్‌లోకి, అంటే అడుగున నూనె నిలిచే రేకు తొట్టిలోకి, దిగుతుంది. దాంతో ఛాంబర్‌లో మట్టం మామూలుకన్నా పైకి లేచి, ఛాంబర్ ప్యాకింగ్‌ను, గేరు లివరుతో కదిలే సెలెక్టర్ షాఫ్ట్ సీల్‌ను ముంచెత్తుతుంది. ఎప్పుడూ నూనెలో మునగని గట్టిబడిన రబ్బరు అప్పుడు చెమ్మగిల్లుతుంది. గేర్‌బాక్స్ దించకుండానే చాలావరకు దీన్ని సరిచేయవచ్చు. వారానికి ఒకసారి ఇరవై కిలోమీటర్లు తోలితే సగం బాధ దానంతటదే తగ్గుతుంది.

బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య గంట ఆకారపు తొడుగు) కింది నుంచి కారుతుంటే మాత్రం తనిఖీ మూత విప్పి లోపల చూడాలి. టార్క్ కన్వర్టర్‌కు గేర్‌బాక్స్ వైపు ఎర్రగా తడిసి ఉంటే ముందరి సీల్, గేర్‌బాక్స్ పంపు ఓ-రింగ్, కన్వర్టర్ వెల్డింగ్‌లలో ఒకటి కారణం. ఇంజిన్ వైపు నల్లటి తడి ఉంటే తప్పు ఇంజిన్ వెనక సీల్‌ది, గేర్‌బాక్స్‌ది కాదు. ఈ రెంటినీ వేరుచేయకుండా డబ్బా దించమనే మెకానిక్‌ను మూత విప్పి చూపించమని మర్యాదగా అడగడంలో తప్పులేదు.

కింద చుక్క లేకుండా మట్టం తగ్గుతుంటే వాక్యూమ్ మాడ్యులేటర్‌ను (ఇంజిన్ పీల్పును బట్టి గేర్‌బాక్స్‌లో నూనె ఒత్తిడిని సరిచేసే పరికరం) చూడండి. జనరల్ మోటార్స్ టర్బో 400, పాత మెర్సిడెస్ గేర్‌బాక్స్‌ల వంటి వాటిలో ఈ పరికరం నుంచి ఒక సన్నటి గొట్టం ఇంజిన్ వైపు వెళుతుంది. లోపలి పొర చిరిగితే ఇంజిన్ ఆ గొట్టం ద్వారా నూనెను పీల్చి కాల్చేస్తుంది. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంది. గొట్టాన్ని పీకి చూసినప్పుడు లోపల ఎర్రటి తడి ఉంటే వేరే రుజువు అక్కరలేదు.

మరమ్మతులో ఒక్క మాట. ఛాంబర్ దగ్గర తడి కనిపించగానే బోల్టులను బలమంతా పెట్టి బిగించకండి. కార్క్ ప్యాకింగ్ పక్కకు పిండుకుపోయి చీలుతుంది, రేకు అంచు బోల్టు రంధ్రాల దగ్గర వంగుతుంది. వంగిన అంచును చదును చేసి, కొత్త ప్యాకింగ్ వేసి, కారు మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా బిగించాలి.

పని ముగిశాక కొత్త అట్టముక్క వేసి వారం రోజులు బండిని కదపకుండా చూడండి. ఆ తరువాత మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఒకసారి ఎక్కి దిగి వచ్చి, అదే అట్ట మీద మళ్లీ నిలపండి.