ఎగుడుదిగుడు మార్కులతో ఎంబీబీఎస్ సీటు అవకాశాన్ని అంచనా వేసుకోవడం ఎలా?

పదో తరగతిలో మంచి మార్కులు, ఇంటర్ మొదటి సంవత్సరంలో తగ్గుదల, నీట్ నమూనాలో కోచింగ్‌లో పెట్టే గ్రాండ్ టెస్టుల్లో ఒక వారం ఐదువందలు దాటి మరుసటి వారం నాలుగువందల దగ్గర ఆగిపోవడం. ఇలాంటి మార్కుల పత్రాలతో అమలాపురం నుంచో పాలకొల్లు నుంచో వచ్చే తల్లిదండ్రులు ముందుగా అడిగేది సీటు వస్తుందా రాదా అనే. ఆ ప్రశ్నకు ఊహతో జవాబు చెప్పడం పిల్లలకు అన్యాయం చేయడమే. ఇంట్లో కూర్చొని, కాగితం మీద లెక్క వేసి తేల్చుకోగలిగిన విషయం ఇది.

ముందుగా ఏ మార్కులు లెక్కలోకి వస్తాయో, ఏవి రావో విడదీయాలి. పదో తరగతి మార్కులకు ఎంబీబీఎస్ ర్యాంకులో ఏ పాత్రా లేదు. ఇంటర్ మార్కులు అర్హత వరకే పనికొస్తాయి: ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు విడివిడిగా ఉత్తీర్ణులై, సైన్సు సబ్జెక్టులు మూడింటిలో కలిపి జనరల్ అభ్యర్థులు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులు 40 శాతం తెచ్చుకుంటే చాలు. ఆ గీత దాటాక 60 శాతం వచ్చినవారికీ 95 శాతం వచ్చినవారికీ తేడా ఉండదు. గీతకు దగ్గరగా ఉన్నవారు మాత్రం సప్లిమెంటరీ, ఇంప్రూవ్‌మెంట్ పరీక్షల అవకాశాన్ని వదులుకోకూడదు. మిగిలినవారు ఇంటర్‌లో తగ్గిన మార్కుల గురించి దిగులు మానేయవచ్చు.

సీటును నిర్ణయించేది వైద్య విద్యకు దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష అయిన నీట్‌లో వచ్చే ర్యాంకు ఒక్కటే. 720 మార్కుల్లో బయాలజీకి 360, ఫిజిక్స్‌కు 180, కెమిస్ట్రీకి 180. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. ఒక సబ్జెక్టులో బలంగా, మరొకదానిలో బలహీనంగా ఉన్నవారికి ఈ అమరిక కొంత మేలే చేస్తుంది, ఎందుకంటే మొత్తమే ర్యాంకునిస్తుంది, సగం మార్కులు బయాలజీలోనే ఉన్నాయి, మార్కులు సమానమైనప్పుడు ముందుగా చూసేదీ బయాలజీనే.

ఇక గ్రాండ్ టెస్టుల సంగతి. ఒక విద్యార్థినికి చివరి ఎనిమిది పరీక్షల్లో 512, 430, 476, 401, 489, 465, 520, 448 వచ్చాయనుకుందాం. ఇంట్లో అందరికీ 520 గుర్తుంటుంది, ఆ అమ్మాయికి 401 గుర్తుంటుంది. రెండూ అంచనాకు పనికిరావు. మార్కులను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా రాస్తే నడుమ నిలిచేవి 465, 476. కాబట్టి ఆమె స్థాయి 470 దగ్గర ఉందని భావించాలి. కింది నుంచి రెండవదైన 430ని జాగ్రత్త అంచనాగా పక్కన రాసుకోవాలి. ఈ రెంటి మధ్య దూరం ఎంత ఎక్కువగా ఉంటే, పరీక్ష రోజు గురించి చెప్పగలిగేది అంత తక్కువ.

అయితే 470 మార్కులంటే ఎంత ర్యాంకు? ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నీట్ 2024 సవరించిన ఫలితాల్లో 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో అత్యధిక మార్కు 686 మాత్రమే, 650 దాటినవారు దేశం మొత్తం మీద వంద మంది కూడా లేరు. జనరల్ అర్హత మార్కు సైతం 162 నుంచి 144కు దిగింది. కాబట్టి పక్కింటి అబ్బాయికి ఫలానా ఏడాది ఇన్ని మార్కులకు కాకినాడలో సీటు వచ్చిందన్న మాట మరో ఏడాదికి వర్తించదు. నమ్మదగిన పద్ధతి ఒకటుంది. విద్యార్థి ఇంతకుముందు చూడని అసలు నీట్ ప్రశ్నపత్రాన్ని తీసుకొని, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు, గుండ్రాలు నింపి జవాబు గుర్తించే ఓఎంఆర్ పత్రం మీద, మధ్యలో లేవకుండా రాయించాలి. వచ్చిన మార్కులకు అదే ఏడాది ఎంత ర్యాంకు వచ్చిందో చూసి, ఆ ర్యాంకును అదే ఏడాది చివరి ర్యాంకులతో, అంటే ఒక్కో కళాశాలలో ఆఖరి సీటు దక్కిన ర్యాంకులతో పోల్చాలి. మార్కులను ఒక ఏడాది నుంచి, చివరి ర్యాంకులను మరో ఏడాది నుంచి తీసుకుంటే లెక్క మొత్తం చెడిపోతుంది. 2022 నుంచి 2024 వరకు వచ్చిన పత్రాల్లో ఐచ్ఛిక ప్రశ్నలు, అదనంగా ఇరవై నిమిషాలు ఉండేవి గనుక ఈ పోలికకు 2025 నుంచి వచ్చినవే మేలు. కోచింగ్‌లో ఇప్పటికే చేసిన పత్రంలో వచ్చే మార్కులు జ్ఞాపకశక్తికి వచ్చినవి. వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

పోల్చవలసిన ర్యాంకులు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో కనిపిస్తాయి. ప్రభుత్వ కళాశాలల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు పోగా, మిగిలినవి ఈ విశ్వవిద్యాలయమే భర్తీ చేస్తుంది. గోదావరి జిల్లాల విద్యార్థులు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతానికి లోకల్. ప్రభుత్వ కోటా కింద ఇచ్చే కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్ అభ్యర్థులకే. స్థానికత సొంతూరును బట్టి కాక చదువుకున్న చోటును బట్టి వస్తుంది. అందువల్ల పిల్లలను మధ్యలో హైదరాబాద్‌లో చదివించిన కుటుంబాలు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లను ఇప్పుడే వరుసగా పెట్టుకొని సరిచూసుకోవాలి. ఇది తేలకుండా వేసిన అంచనాకు విలువ లేదు.

మీ కేటగిరీ, లోకల్ ప్రాంతం, అమ్మాయి అయితే మహిళా రిజర్వేషన్, ఈ మూడూ కలిసిన వరుసలోని చివరి ర్యాంకునే చూడాలి. 2025లో ఎస్సీ కోటాను ఉపకులాల గ్రూపులుగా విడదీసే ఎస్సీ వర్గీకరణ వచ్చింది కనుక అంతకు ముందరి ఎస్సీ చివరి ర్యాంకులను యథాతథంగా తీసుకోకూడదు. కాకినాడలో 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాలకు పోటీ ఎక్కువ. 2023లో 150 సీట్ల చొప్పున ప్రారంభమైన రాజమహేంద్రవరం, ఏలూరు ప్రభుత్వ కళాశాలలను, అమలాపురంలోని కిమ్స్, రాజానగరంలోని జీఎస్ఎల్, ఏలూరులోని ఆశ్రమ్ కళాశాలల కన్వీనర్ సీట్లను విడివిడిగా రాసుకోండి. 470కి వచ్చే ర్యాంకు, 430కి వచ్చే ర్యాంకు రెండూ చివరి ర్యాంకు లోపలే ఉంటే ఆ కళాశాల మీద గట్టి ఆశ పెట్టుకోవచ్చు. మొదటిది లోపల, రెండవది బయట ఉంటే ఎటైనా కావచ్చు. రెండూ బయటే ఉంటే ఆ మాట పిల్లలతో మెత్తగా, కానీ స్పష్టంగా చెప్పాలి.

అంచనా తక్కువగా వచ్చినప్పుడు లాంగ్ టర్మ్ తీసుకోవాలా, అంటే ఏడాది ఆగి మళ్లీ నీట్‌కు కోచింగ్ తీసుకోవాలా అన్న ప్రశ్న వస్తుంది. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి గానీ, ఇన్నిసార్లే రాయాలన్న నియమం గానీ లేవు. నిర్ణయం మాత్రం లోటు ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉండాలి. పై అమ్మాయికి 470లో బయాలజీ 300, కెమిస్ట్రీ 110, ఫిజిక్స్ 60 అనుకుందాం. ఫిజిక్స్‌లో 19 ఒప్పు, 16 తప్పు, పది వదిలేసినవి. ఆ 16 తప్పులను పక్కన పెట్టుకొని, ప్రతిదాని ఎదురుగా లెక్కలో పొరపాటా, పాఠం రాకపోవడమా, ఊహించి గుర్తుపెట్టడమా అని రాయించాలి. తప్పు ఒప్పయితే ఐదు మార్కులు పెరుగుతాయి. ఎనిమిది తప్పులు సరిదిద్దుకుంటే 40 మార్కులు. లెక్కల పొరపాట్లే ఎక్కువైతే కొన్ని నెలల సాధన చాలు, పాఠాలే రాకపోతే ఏడాది కావాలి. బయాలజీలోనే 300 రాని విద్యార్థికి ఫిజిక్స్ మీద ఏడాది ఖర్చుపెట్టించడం కన్నా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను వాక్యం వాక్యంగా మళ్లీ చదివించడం ముందు చేయవలసిన పని.

ఎక్కువ ఫీజు ఉండే మేనేజ్‌మెంట్ కోటా సీటు కోసం కొబ్బరితోట తాకట్టు పెట్టే ఆలోచన ఉంటే, నాలుగున్నరేళ్ల చదువుకు అయ్యే ఫీజు, హాస్టల్ మొత్తం కలిపి రాసుకొని, దానికీ నీట్ అర్హత, ర్యాంకు అవసరమేనని గుర్తుంచుకోవాలి. దంత వైద్యం, ఆయుర్వేదం, హోమియోపతి కూడా నీట్ ద్వారానే. భీమవరంలో విష్ణు దంత వైద్య కళాశాల, రాజమహేంద్రవరంలో ప్రభుత్వ హోమియోపతి కళాశాల ఉన్నాయి. వాటిని ఇష్టమున్నవారే ఎంచుకోవాలి.

చివరగా వెబ్ ఆప్షన్లు, అంటే కౌన్సెలింగ్‌లో కళాశాలలను ఇష్టం కొద్దీ వరుసగా ఎంచుకోవడం. అవకాశం తక్కువని భయపడి ఇష్టమైన కళాశాలను కిందికి నెట్టకండి. కేటాయింపు ర్యాంకు వరుసలో, మీరు ఇచ్చిన క్రమంలో జరుగుతుంది. అందని కళాశాలను పైన పెట్టినంత మాత్రాన కింద ఉన్న కళాశాలలో మీ వంతు పోదు. ఇంటికి దగ్గర, దూరం, ఫీజు అన్నీ మాట్లాడుకొని ఆ వరుసను ఫలితాలకు ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.