50 సీసీ చైన్ సాల కోత వేగం పోల్చి చూడటం ఎలా

షాపులో చైన్ సా (చైన్‌తో కోసే ఇంజిన్ రంపం) అడిగితే ముందుగా చెప్పేది సీసీ. కోత వేగం దాంతో తేలదు. స్టిల్ కంపెనీ ఎంఎస్ 250 ఇంజిన్ 45.4 సీసీ, ఎంఎస్ 261 ఇంజిన్ 50.2 సీసీ. సీసీలో తేడా పదో వంతే. శక్తి మాత్రం 2.3 కిలోవాట్ల నుంచి 3.0కి, అంటే 30 శాతం పెరుగుతుంది. హస్క్‌వర్నా కంపెనీ 450 కూడా 50.2 సీసీయే, అయినా 2.4 కిలోవాట్ల దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి కొనేముందు పోల్చాల్సింది సీసీని కాదు, కిలోవాట్లను.

ఇంత తేడా ఉన్నా, దుంగ మీద పెట్టేసరికి చిన్న మిషనే ముందు కోసేయడం మామూలే. కారణం చైన్. పొద్దున పదును పెట్టిన చైన్‌కూ, వారంగా ఇసుక పట్టిన బెరడు కోస్తున్న చైన్‌కూ ఉండే తేడా ముందు ఆ 30 శాతం ఏ మూలకూ రాదు. ఆ సంగతి చూసుకోకుండా టైము కొలిస్తే మిషన్లకు కాదు, ఆకురాళ్లకు పోటీ పెట్టినట్టే.

రెండు మిషన్లకూ ఒకే బార్ (చైన్ తన చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ), ఒకే చైన్ మార్చి మార్చి వేయగలిగితే సగం గొడవ వదిలిపోతుంది. అందుకు పిచ్ (చైన్ లింకుల మధ్య దూరం), గేజ్ (బార్ గాడిలో దిగే లింకుల మందం), డ్రైవ్ లింకుల (ఆ గాడిలో నడిచే లింకుల) సంఖ్య మూడూ కలవాలి, బార్ బిగించే చోటు కూడా సరిపోవాలి. మొదటి మూడూ సాధారణంగా బార్ మొదట్లోనే చెక్కి ఉంటాయి. ఒకదానికి 1.3 మి.మీ. గేజ్, ఇంకోదానికి 1.6 అయితే చైన్ మారదు. అప్పుడు ఒకే కంపెనీ, ఒకే రకం పన్నున్న కొత్త చైన్లు రెండు తీసుకోవాలి. సన్న చైన్ చెక్కలో తీసే గాడి కూడా సాధారణంగా సన్నమే కనుక దానికి కొంత మేలు ఉంటుంది. ఫలితం రాసుకునేటప్పుడు పక్కన గేజ్ కూడా రాయండి.

పదును విషయానికొస్తే, 0.325 అంగుళాల పిచ్ చైన్‌కు 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి, 30 డిగ్రీల కోణం. ప్రతి పన్నుకూ ఒకే సంఖ్యలో రాపిళ్లు. చాలామంది వదిలేసేది పన్ను ముందు పొడుచుకొచ్చి ఉండే, పన్ను ఎంత లోతు దిగాలో తేల్చే డెప్త్ గేజ్‌ని. అది పన్ను అంచు కంటే 0.65 మి.మీ. కిందకు ఉండాలి. పన్ను అరిగేకొద్దీ అంచు కిందకు దిగుతుంది, డెప్త్ గేజ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నాలుగైదు సార్లు పదును పెట్టాక చూస్తే పన్ను గోరు మీద గీత పెట్టేంత వాడిగా ఉంటుంది, కానీ చెక్కలోకి దిగదు. పేళ్ల బదులు పిండిలాంటి పొట్టు రాలుతుంది. అలాగని డెప్త్ గేజ్‌ను మరీ ఎక్కువ అరగదీస్తే చైన్ చెక్కను పట్టేసి మిషన్ ఎగిరెగిరి పడుతుంది, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) కూలిపోతుంది, బార్ వెనక్కి తన్నే ప్రమాదమూ పెరుగుతుంది. కొలిచే పట్టీ పెట్టే అరగదీయండి, కంటి అంచనా పనికిరాదు.

స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) పళ్లు కూడా లెక్కపెట్టాలి. 0.325 పిచ్, 7 పళ్ల స్ప్రాకెట్ ఒక్క చుట్టుకు చైన్‌ను 11.6 సెం.మీ. లాగుతుంది. 10,000 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకు 19 మీటర్లు. 8 పళ్లదైతే 22 మీటర్లు. ఒకదానికి 7, ఇంకోదానికి 8 ఉంటే మీరు కొలుస్తున్నది గేర్ తేడా.

ఇంజిన్ పరుగు పూర్తిగా అందుకోవడానికి కొత్త మిషన్‌కు 5 నుంచి 15 ట్యాంకుల పెట్రోల్ పడుతుందని స్టిల్ తన పుస్తకంలోనే చెబుతుంది. పెట్టెలోంచి తీసిన మిషన్‌ను, ఏడాదిగా నడిచినదాన్ని పక్కపక్కన పెట్టడం న్యాయం కాదు. పెట్రోల్ ఒకే డబ్బాలోంచి రెండింటికీ పోయండి, 50:1 పాళ్లలో లీటరుకు 20 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిల్. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. దానితో, కార్బ్యురేటర్ స్క్రూ చేత్తో తిప్పే మిషన్లలో మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలి పాలు ఎక్కువవుతుంది. పలచబడ్డ మిషన్ కాసేపు చురుగ్గానే పరిగెడుతుంది, తర్వాత పిస్టన్ పట్టేస్తుంది. ఖాళీగా పూర్తి రేసు ఇచ్చినప్పుడు కాస్త గరగరమంటూ, కోతలో పెట్టగానే ఆ గరగర పోతే సెట్టింగు బాగున్నట్టు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేశాకే మొదలుపెట్టండి.

ఇక చెక్క. గుండ్రటి దుంగ వద్దు. 29 సెం.మీ. వ్యాసం దగ్గర కోత వైశాల్యం 660 చ.సెం.మీ., 31 దగ్గర 755. రెండు సెంటీమీటర్లకే 14 శాతం తేడా! సా మిల్లులో జామాయిల్ దుంగను 25 × 25 సెం.మీ. దూలంగా కోయించుకోండి, బెరడూ ఇసుకా కూడా పోతాయి. ముడులున్న చోట సున్నంతో గుర్తు పెట్టి వదిలేయండి. ఎండిన తుమ్మా పచ్చి జామాయిలూ ఒకే లెక్కలో కలపకూడదు.

దూలాన్ని నడుము ఎత్తులో కదలకుండా బిగించి, కోసే కొన గాలిలో ఉండేలా పెట్టండి. రెండు కొనలకూ ఆధారం ఇస్తే మధ్యలో కోసేటప్పుడు బార్ బిగుసుకుపోతుంది. కాళ్లకు చైన్ సా ప్యాంటు, తలకు హెల్మెట్, కళ్లకు అద్దాలు, చెవులకు మఫ్స్ లేకుండా మొదలుపెట్టొద్దు. టైము కొలవడానికి వీడియో తీసే మనిషి దూరంగా, బార్ వరుసకు పక్కగా నిలబడాలి.

మిషన్ వేడెక్కేలా రెండు కోతలు కోసి వదిలేయండి. తర్వాత పూర్తి రేసులో చైన్‌ను చెక్కకు ఆనించిన క్షణం నుంచి రెండంగుళాల బిళ్ల తెగే క్షణం వరకూ లెక్క. స్టాప్‌వాచీ నొక్కడంలో పావు సెకను అటూ ఇటూ పోతుంది, 8 సెకన్ల కోతలో అదే 3 శాతం. ఫోన్ వీడియో సెకనుకు 60 ఫ్రేముల్లో తీసి ఫ్రేములు లెక్కపెట్టండి. మిషన్ బరువుతోనే దిగనివ్వాలి, నొక్కకూడదు. నొక్కి కోసే పరీక్ష కావాలంటే విడిగా చేయండి. బలం తక్కువున్న ఇంజిన్ అక్కడే బయటపడుతుంది.

వీడియోలోని శబ్దం కూడా పనికొస్తుంది. టూ స్ట్రోక్ ఇంజిన్ చుట్టుకొకసారి పేలుతుంది. ఫోన్‌లో శబ్దాన్ని హెర్ట్జ్‌లో (సెకనుకు ఎన్నిసార్లో) చూపే యాప్ కోత మధ్యలో 160 చూపితే, 60తో హెచ్చించండి, 9,600 ఆర్‌పీఎం. నిపుణుల రకం 50 సీసీ మిషన్లు గరిష్ఠ శక్తినిచ్చేది సుమారు 9,500 నుంచి 10,000 మధ్యే. ప్రకటనల్లో వేసే 14,000 ఖాళీగా తిరిగేటప్పటి అంకె, కోతతో దానికి పని లేదు.

వరుస ఇలా ఉంచండి: మొదటి మిషన్‌తో మూడు కోతలు, రెండోదానితో ఆరు, మళ్లీ మొదటిదానితో మూడు. చైన్ మొద్దుబారడం రెండు మిషన్లకూ సమంగా పడుతుంది. 625 చ.సెం.మీ.ను సగటు సెకన్లతో భాగిస్తే సెకనుకు ఎంత కోసిందో వస్తుంది. 10 సెకన్లయితే 62.5. తేడా 5 శాతం లోపుంటే సమానమనే రాసుకోండి. చివరి మూడు కోతలు మొదటి మూడింటికంటే అంతకు మించి నెమ్మదిస్తే మధ్యలో చైన్ దెబ్బతిన్నట్టు. ఆ అంకెలన్నీ కొట్టేసి, పదును పెట్టి మళ్లీ మొదటి నుంచి కోయాల్సిందే.