వరంగల్ ఎండల్లో ఇంటి ముందు రేల చెట్టు పెంచడం ఎలా?

ఫోన్‌లో జపనీస్ మేపుల్ ఫొటో చూసి, ఇంటి ముందు అలాంటి చెట్టు ఒకటి ఉంటే ఎంత బాగుండు అనుకునేవాళ్లు ఈమధ్య పెరిగారు. ఆన్‌లైన్‌లో విత్తనాలు కూడా అమ్ముతున్నారు. వాటిలో నీలం ఆకుల మేపుల్ అని చెప్పి అమ్మేవీ ఉన్నాయి, అలాంటి రకమే లేదు. ఇక అసలు మేపుల్ జపాన్, కొరియా ప్రాంతాల చెట్టు. చలికాలంలో కొన్ని వారాలు గట్టి చలి తగిలితేనే అది తర్వాత సరిగ్గా చిగురిస్తుంది. మన దగ్గర జనవరి రాత్రుల్లో కూడా 10 డిగ్రీల కిందికి దిగడం అరుదు. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండకు, వడగాలికి దాని పల్చటి ఆకులు అంచుల నుంచి మాడిపోతాయి. చలి ప్రాంతాల చెట్టును ఇక్కడికి తెచ్చి బాధ పెట్టవద్దనే నేను చెబుతాను.

అదే శ్రద్ధ రేల చెట్టు మీద పెట్టండి. పాకాల వైపు, ములుగు అడవుల్లో వేసవిలో పసుపు గుత్తులు వేలాడుతూ కనిపించేది ఇదే. మేపుల్‌ను మాడ్చే ఎండలోనే ఇది పూస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆకులు దాదాపు రాలిపోయి, అడుగు నుంచి అడుగున్నర పొడవు గుత్తులు కొమ్మ కొమ్మకూ దిగుతాయి. గుత్తిని దగ్గరగా చూడండి: కొమ్మ దగ్గరి పూలు ముందు విచ్చుకుంటాయి, కింది కొసన గుండ్రటి మొగ్గలు ఇంకా మూసుకునే ఉంటాయి. పూవుకు ఐదు రేకులు, మధ్యలోంచి వంపు తిరిగిన మూడు పొడవాటి కేసరాలు. ఉదయం పూట పెద్ద నల్ల తుమ్మెదలు వాటి చుట్టూనే తిరుగుతుంటాయి.

ముందు చోటు చూసుకోండి. రోజంతా ఎండ పడాలి, నీడలో పూలు సరిగ్గా రావు. చెట్టు 30 అడుగుల దాకా పెరుగుతుంది కాబట్టి గోడకు, సంపుకు, సెప్టిక్ ట్యాంకుకు కనీసం 10 అడుగుల దూరం ఉంచండి. పైన కరెంటు తీగలు ఉంటే ఆ చోటు వదిలేయండి. తర్వాత ఎవరో వచ్చి చెట్టు తల నరికేస్తారు, ఆ బాధ చూడలేం.

నర్సరీలో మొక్క దొరికితే రెండు మూడు అడుగుల ఎత్తున్నది, కాండం నిటారుగా ఉన్నది తెచ్చుకోండి. కవరు కింద వేర్లు చుట్టలు చుట్టుకుని బయటికి వచ్చినది వద్దు. విత్తనం నుంచి పెంచాలనుకుంటే మాత్రం కొంచెం ఓపిక కావాలి. చలికాలం చివర్లో, చెట్టు మీద నల్లబడి ఎండిన కాయ తెంపి ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. పగలగొడితే బిళ్లలు పేర్చినట్టు గదులు, ఒక్కో గదిలో జిగట నల్ల గుజ్జుతో ఒక గింజ. ఆ గింజ పెంకు చాలా గట్టిది. అలాగే నాటితే నెలల తరబడి మొలవకుండా ఉండిపోతుంది. గుజ్జు కడిగేసి, గింజను ఒక పక్క గరుకు కాగితం మీదో, గచ్చు మీదో రుద్దండి. మెరుపు పోయి లోపలి లేత రంగు కొద్దిగా కనబడగానే ఆపాలి. ఇంకా రుద్దితే లోపలి పప్పు దెబ్బతింటుంది. రాత్రంతా నీళ్లలో వేసి ఉంచితే తెల్లారేసరికి బాగా రుద్దినవి రెట్టింపు ఉబ్బుతాయి. ఉబ్బనివాటిని మళ్లీ రుద్ది నానబెట్టండి. ఉబ్బినవాటిని ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన కవర్లలో అర అంగుళం లోతున పెడితే రెండు మూడు వారాల్లోపే మొలకలు వస్తాయి.

నాటడానికి మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక అదను. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీసి, తీసిన మట్టిలో రెండు గంపల మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. చెల్క నేల అయితే అంతే చాలు. నల్లరేగడిలో వానాకాలం నీళ్లు నిలిచి వేర్లు కుళ్లుతాయి కాబట్టి ఇసుక, ఎర్రమట్టి కలిపి, చుట్టుపక్కల నేల కన్నా అరడుగు ఎత్తుగా మట్టి పోసి దాని మీద నాటాలి. కవరు తీసేటప్పుడు మట్టి గడ్డ విడిపోకూడదు. ఊతకర్ర పాతి వదులుగా కట్టండి, చుట్టూ కంచె తప్పనిసరి.

మొదటి రెండు వేసవులే గండం. వారానికి రెండుసార్లు, సాయంత్రం పూట, ఒక్కోసారి ఒక బకెట్ నీళ్లు నిదానంగా పాదులో ఇంకేలా పోయండి. రోజూ చెంబెడు పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి. పాదులో ఎండుటాకులు, గడ్డి మూడు అంగుళాల మందం పరచండి, కాండానికి మాత్రం తగలకూడదు. మూడో ఏడు నుంచి బాగా ఎండలు ముదిరినప్పుడు అప్పుడప్పుడు నీళ్లు పోస్తే చాలు.

వానల్లో లేత పసుపు సీతాకోకచిలుకలు వచ్చి ఆకుల మీద గుడ్లు పెడతాయి. పచ్చ పురుగులు ఆకులు తింటాయి. పెద్ద చెట్టుకు దానివల్ల ఏమీ కాదు, మళ్లీ చిగురిస్తుంది, వాటి జోలికి పోకండి. చిన్న మొక్క అయితే చేత్తో ఏరేయండి, మందులు కొట్టే అవసరం లేదు.

కాండం ఆరడుగులు వచ్చేదాకా పక్క కొమ్మలు కొద్దికొద్దిగా తీస్తూ ఒకే కాండాన్ని పైకి పోనివ్వండి. ఆ తర్వాత కత్తిరింపు ఏదైనా పూత అయిపోయిన వెంటనే చేయాలి. చలికాలం చివర్లో కత్తిరిస్తే ఆ ఏడాది గుత్తులు తగ్గిపోతాయి. విత్తనం చెట్టు పూతకు రావడానికి ఐదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నాలుగో ఏడు పూయలేదని టెన్షన్ పడి యూరియా వేయకండి, ఆకు పెరుగుతుంది తప్ప పూలు రావు.

కాయల గుజ్జు ఆయుర్వేదంలో విరేచనానికి వాడతారు. తియ్యగా ఉంటుందని పిల్లలు నాకితే కడుపు పాడవుతుంది, అందుకని చిన్నపిల్లలున్న ఇంట్లో అందేంత ఎత్తులో ఉన్న కాయలను ఎండకముందే తెంపేయండి.