గొర్రె రక్తంలో కోలినెస్టరేజ్ కొలిచేటప్పుడు: అసిటైల్‌థయోకోలిన్‌తో జాగ్రత్తలు

కోలినెస్టరేజ్ ఒక ఎంజైము, కొన్ని పురుగుమందుల విషం దాన్ని అణిచేస్తుంది. దాన్ని కొలిచేందుకు సబ్‌స్ట్రేట్‌గా (ఎంజైము విరిచే పదార్థంగా) వాడేది అసిటైల్‌థయోకోలిన్ అయొడైడ్. ఈ తెల్లటి పొడికి తేమ పడదు. హైదరాబాద్ వానాకాలంలో ఫ్రీజర్‌లోంచి తీసిన సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి. లోపల చెమ్మ పట్టిందంటే తూకం తప్పుతుంది.

10 మి.లీ. నీటిలో 217 మి.గ్రా. కలిపితే 75 మిల్లీమోలార్. ఏ రోజుది ఆ రోజే, ఐస్ మీద. డీటీఎన్‌బీ (థయోల్స్ తగిలితే పసుపు రంగిచ్చే రసాయనం) 39.6 మి.గ్రా. పీహెచ్ 7.0 బఫర్ 10 మి.లీ.లో.

రక్తం హెపారిన్ ట్యూబులోనే తీయాలి. ఫ్లోరైడ్ ట్యూబు వద్దు, అది ఎంజైమునే అణిచేస్తుంది. 10 మైక్రోలీటర్ల రక్తాన్ని 6 మి.లీ. ఫాస్ఫేట్ బఫర్‌లో (0.1 మోలార్, పీహెచ్ 8.0) కలిపి, 3 మి.లీ. క్యూవెట్ (కాంతి కొలిచే చిన్న పాత్ర)‌లోకి తీసుకోండి. డీటీఎన్‌బీ 25 మైక్రోలీటర్లు వేయగానే లేత పసుపు వస్తుంది. అది ఎంజైము పని కాదు, రక్తంలో ముందే ఉన్న థయోల్స్ (గంధకం గల పదార్థాలు)‌ది. రీడింగ్ నిలకడగా అయ్యాకే సబ్‌స్ట్రేట్ 20 మైక్రోలీటర్లు వేసి, 412 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణను నిమిషానికోసారి చూడండి.

రక్తం లేని బ్లాంక్ (పోలిక కోసం పెట్టే నమూనా) తప్పనిసరి: సబ్‌స్ట్రేట్ తనంతట తానే కొంత విరుగుతుంది, మే ఎండల్లో గది కాగితే ఇంకా ఎక్కువ. అందుకే క్యూవెట్ హోల్డర్‌ను 25 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచండి. గొర్రెల్లో ఈ ఎంజైము ఎక్కువగా ఎర్రకణాల్లోనే ఉంటుంది. ప్లాస్మా ఒక్కటే చూసి విషం తగిలిందో లేదో తేల్చకండి.